అడిగిన బూస్ట్ ఎంత, అందిన బూస్ట్ ఎంత

నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజన్‌ను మూడో గేరులో 2500 ఆర్‌పీఎం నుంచి 6000 దాకా ఫుల్ యాక్సిలరేటర్‌తో లాగించడానికి 5 సెకన్లు పట్టిందనుకుందాం. ఆ 5 సెకన్లలో నాలుగు సిలిండర్లూ కలిపి దాదాపు 700 సార్లు మండాలి. ప్రతిసారీ గాలి, పెట్రోలు, స్పార్క్ మూడూ కొలత తప్పకుండా, సమయం తప్పకుండా అందాలి. కంపెనీ కారులో ఈ మూడింటికీ ఇంజనీర్లు కొంత వెసులుబాటు ఉంచుతారు. ఎండలో తిరిగినా, నాసిరకం పెట్రోలు పడినా, ప్లగ్గులు కొంచెం అరిగినా బండి నడవాలని ఆ ఏర్పాటు. ఇంజన్ సాఫ్ట్‌వేర్‌ను రీమ్యాప్ చేయించి బూస్ట్ పెంచుకున్నప్పుడు మనం ఖర్చుపెట్టేది ఆ వెసులుబాటునే. అది అయిపోయిన చోట కారు తటపటాయిస్తుంది. సిటీలో మామూలుగా నడిపినంతసేపూ ఏ లోపమూ తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ పెడల్‌ను అడుగంటా నొక్కితేనే 4000 దగ్గర ఒక కుదుపు, లేదా ఒక క్షణం నీరసించి మళ్లీ అందుకోవడం.

ఆ తరువాత గ్యారేజీలో మాటలు ఎలా ఉంటాయో ఈ కార్ల మీద ఇష్టం ఉన్నవాళ్లందరికీ తెలుసు. ‘అన్నా, ఫుల్ రేస్ ఇస్తే బండి లాగట్లేదు.’ ‘ప్లగ్గులు మార్చి చూద్దాం తమ్ముడూ.’ ప్లగ్గులు మారతాయి, కుదుపు పోదు. తరువాత కాయిళ్లు, ఆ తరువాత ఫ్యుయెల్ పంపు, చివరికి టర్బో మీదే అనుమానం. చీకట్లో రాళ్లు విసిరినట్టు సాగే ఈ వరుసలో డబ్బు పోవడం ఒక్కటే ఖాయం. ఇలాంటి కారులో కొలవకముందు ఒక్క పార్టు కూడా మార్చకూడదని గట్టిగా చెబుతాను. ఎందుకంటే కొలవడానికి కావలసినదంతా కారులోనే ఉంది. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, తాను ఎంత బూస్ట్ అడిగిందో, ఎంత అందిందో, ఎంత ఇంధన పీడనం కావాలందో, ఎంత వచ్చిందో సెకనుకు ఎన్నోసార్లు లెక్క చూసుకుంటూనే ఉంటుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా ఏ ఆర్‌పీఎం దగ్గర మొదలైందో, దేనిలో ముందు మొదలైందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇంజన్ ఎంత అడుగుతుంది?

మన రోడ్ల మీద రీమ్యాప్‌లకు పేరుపడిన కారొకటి తీసుకుని లెక్క వేద్దాం. స్కోడా ఆక్టావియా 1.8 టీఎస్‌ఐ ఇంజన్ 1798 సీసీ. కంపెనీ చెప్పిన శక్తి 180 పీఎస్, టార్క్ 250 న్యూటన్ మీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది కాబట్టి 5500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 1.798 × 2750, అంటే సుమారు 4945 లీటర్లు. సిలిండర్లు 95 శాతం నిండుతున్నాయనుకుందాం. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో మొత్తం పీడనం 2.0 బార్, అక్కడి గాలి వేడి 45 డిగ్రీలు అయితే ఘనపు మీటరు గాలి బరువు 2.19 కిలోలు. గుణిస్తే సెకనుకు 171 గ్రాముల గాలి. సెకనుకు 0.8 గ్రాముల గాలికి ఒక హార్స్‌పవర్ అన్నది ట్యూనర్ల నోటి లెక్క. ఆ ప్రకారం 214 దాకా వస్తుంది. స్టేజ్ 1, అంటే సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చే రీమ్యాప్ చేసిన ఇంజన్‌కు ఇది నమ్మదగ్గ అంకె.

ఇక పెట్రోలు. ఫుల్ లోడ్‌లో 12 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు పోయాలంటే సెకనుకు 14.3 గ్రాములు, గంటకు సుమారు 69 లీటర్లు కావాలి. ఇదే పద్ధతిలో 180 పీఎస్‌కు లెక్కిస్తే 57 లీటర్లు చాలు. అంటే సాఫ్ట్‌వేర్‌లో నాలుగు అంకెలు మారగానే పంపు మీద, ఇంజెక్టర్ల మీద బరువు 20 శాతం పెరిగింది. పంపు మాత్రం పాతదే.

ఈసీయూ అంకెల రికార్డును, అంటే లాగ్‌ను, చదివేటప్పుడు చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. డ్యాష్‌బోర్డు మీద బిగించిన బూస్ట్ మీటరు బయటి గాలి కంటే ఎంత ఎక్కువో చూపిస్తుంది. ఈసీయూ మాత్రం మొత్తం పీడనం చెబుతుంది. విశాఖపట్నంలో సముద్ర మట్టం దగ్గర బయటి గాలి పీడనం 1.01 బార్. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ 0.95. ఈసీయూ 2.0 బార్ అడిగితే విశాఖలో టర్బో చేయాల్సిన పని 1.98 రెట్లు, హైదరాబాద్‌లో 2.1 రెట్లు. తీరంలో బాగానే లాగిన ట్యూన్ ఇక్కడ టర్బోను ఆరు శాతం ఎక్కువ నలిపేస్తుంది. అలా నలిపిన గాలి వేడెక్కుతుంది కూడా. 40 డిగ్రీల మే నెల గాలిని 2.1 రెట్లు కుదిస్తే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, బయటికొచ్చే గాలి 145 డిగ్రీలు దాటుతుంది. దాన్ని మళ్లీ 50, 60కి దించడం ఇంటర్‌కూలర్ పని. ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగిన కారులో ఇంటర్‌కూలరే కాలుతూ ఉంటుంది. మ్యానిఫోల్డ్ గాలి 35 డిగ్రీల నుంచి 65కి పెరిగితే అదే బూస్ట్‌లో గాలి బరువు 9 శాతం తగ్గుతుంది. దీన్ని లోపం అనుకుని టర్బో విప్పినవాళ్లున్నారు.

రికార్డు చేయడం

ముందుగా, టర్బో లాగ్‌ను, అంటే టర్బో అందుకోవడంలో ఆలస్యాన్ని, లోపంతో కలపకూడదు. ఐదో గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర పెడల్ నొక్కితే ఏ టర్బో కారైనా ఆలోచిస్తుంది. ఆ వేగంలో టర్బైన్‌ను తిప్పేంత ఎగ్జాస్ట్ గాలి లేదు. పెద్ద టర్బో వేయించుకుంటే ఆ హద్దు 3500కో, 4000కో జరుగుతుంది. ప్రతిసారీ ఒకే ఆర్‌పీఎం దగ్గర, కుదుపు లేకుండా మెల్లగా అందుకుంటుంటే అది ఆ టర్బో స్వభావం. బూస్ట్ నిండిన తరువాత విరిగితేనే వెతకాలి.

విరిగే తీరు కూడా కొంత చెబుతుంది. స్విచ్ ఆపినట్టు అర సెకను పూర్తిగా ఆగి మళ్లీ వస్తే ఈసీయూ కావాలనే కోత పెట్టి ఉండొచ్చు. టపటపా వరుస కుదుపులు వస్తే మిస్‌ఫైర్. కుదుపే లేకుండా 4500 పైన బరువుగా, మందంగా ఉంటే లీకు, వేడి, నాకింగ్, మూసుకుపోయిన ఎగ్జాస్ట్. ఇది తొలి అంచనా మాత్రమే. దీన్ని పట్టుకుని పార్టులు కొనకూడదు.

రికార్డు చేసేటప్పుడు వేగం చాలా ముఖ్యం. చౌక బ్లూటూత్ డాంగిళ్లు చాలావరకు సెకనుకు పది, ఇరవై విలువలు చదవగలవు, అంతే. యాప్‌లో ఇరవై అంశాలు టిక్ పెట్టేస్తే ఒక్కో దాని విలువ సెకనుకు ఒకటి కూడా రాదు. మన 5 సెకన్ల పరుగులో ఇంజన్ సెకనుకు 700 ఆర్‌పీఎం ఎక్కుతుంది. సెకనుకు ఒక్క చుక్క పెడితే 3800కీ 4500కీ మధ్య ఏం జరిగిందో మీకు తెలియదు, లోపం సరిగ్గా అక్కడే ఉంటుంది. పైగా 5000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకు 41 సార్లు మండుతుంది. అందుకే ఒక్కో పరుగులో ఐదారు అంశాలే పెట్టుకుని, వాటిని సెకనుకు పదిసార్లయినా రాయగల సాఫ్ట్‌వేర్ వాడాలి. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లకు వీసీడీఎస్ లాంటివి ఉన్నాయి. మొదటి పరుగులో ఆర్‌పీఎం, పెడల్, థ్రాటిల్, అడిగిన పీడనం, అందిన పీడనం, వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ను టర్బైన్ తప్పించి పంపే తలుపు) డ్యూటీ. రెండో పరుగులో ఆర్‌పీఎం, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల కొలత; 1 కంటే ఎంత తగ్గితే పెట్రోలు అంత ఎక్కువ), రైల్ ప్రెషర్, ఇగ్నిషన్ కరెక్షన్, గాలి వేడి. గేరు అదే, మొదలుపెట్టే ఆర్‌పీఎం అదే.

ఎక్కడ చేయాలన్నది కూడా చెప్పాలి. ఇలాంటి కారు మూడో గేరులో 6000 తాకేసరికి వేగం 120 దాటిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు టెస్ట్ ట్రాక్ కాదు. డైనో ఉన్న వర్క్‌షాపులో గంట అద్దెకు తీసుకోండి, లేదా చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో కోయంబత్తూరు కరి ట్రాక్‌లోనో ట్రాక్ డే దొరికితే వెళ్లండి. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే ఇక ఒక్క పరుగు కూడా వద్దు. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని దాని అర్థం.

గాలి తగ్గితే

లాగ్‌లో ఇలాంటి వరుస కనిపించిందనుకోండి. 3000 దగ్గర అడిగింది 2.00 బార్, అందింది 1.98, వేస్ట్‌గేట్ డ్యూటీ 60 శాతం. 4000 దగ్గర అందింది 1.85, డ్యూటీ 80. 4500 దగ్గర 1.70, డ్యూటీ 95. లాంబ్డా కదలలేదు, 0.82 దగ్గరే ఉంది. ఇక్కడ ఇంధనానికీ స్పార్క్‌కూ సంబంధం లేదు. ఈసీయూ వేస్ట్‌గేట్‌ను దాదాపు పూర్తిగా మూసేసి మరీ అడుగుతోంది, టర్బో ఇవ్వలేకపోతోంది, లేదా ఇచ్చింది దారిలో పోతోంది. ఈ తేడా ఇలాగే కొనసాగితే పీ0299, అంటే బూస్ట్ తక్కువ అనే కోడ్ పడుతుంది. ఎన్ని కేసుల్లో అని అంకె చెప్పలేను గానీ, మోడిఫై చేసిన కారులో ముందు చూడాల్సింది పైపుల జాయింట్లనే అని మాత్రం తడుముకోకుండా చెబుతాను.

ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇంటర్‌కూలర్ పైపు లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు అయితే దాని మూతి వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. 1.05 బార్ బూస్ట్ దాన్ని జాయింట్ నుంచి ఊడబెరికే బలం దాదాపు 30 కిలోలు. లోపల ఎప్పుడూ పల్చటి ఆయిల్ పొర ఉంటుంది, జారడానికి అదొక సాయం. సిలికాన్ హోస్‌లో క్లిప్పు అంచు కోసిన సన్నటి చీలిక ఐడిల్‌లో మూసుకునే ఉంటుంది. చేత్తో తడిమినా దొరకదు. బార్ పీడనం లోపలికి వచ్చినప్పుడే పెదవుల్లా తెరుచుకుంటుంది.

కాబట్టి పీడనం ఎక్కించే చూడాలి. ఎయిర్ ఫిల్టరు పైపు విప్పి టర్బో మూతికి టెస్టర్ మూత బిగించి, రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తో ముందు 0.3 బార్, తరువాత నెమ్మదిగా 1.0 దాకా ఎక్కించాలి. కారు సాధారణంగా చూసే బూస్ట్ దాటించకూడదు. బ్రీదర్ దారిలో గాలి క్రాంక్‌కేస్‌లోకి పోయి సీళ్లను నెట్టకుండా ఆ మార్గం మూసుకోవాలి. ఆపైన ప్రతి జాయింటు మీదా, ఇంటర్‌కూలర్ మూలల మీదా, డైవర్టర్ వాల్వ్ చుట్టూ సబ్బు నీళ్లు కొట్టాలి. పెద్ద పనేమీ కాదు. నురగ ఎక్కడ పొంగితే లోపం అక్కడ.

లీకు లేకపోతే వేస్ట్‌గేట్ తలుపు పూర్తిగా మూసుకోకపోవడం, డైవర్టర్ వాల్వ్ డయాఫ్రమ్ చిరగడం చూడాలి. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారుకు శబ్దం కోసం బయటికి ఊదే బ్లో ఆఫ్ వాల్వ్ వేయించుకుంటే మరో రకం తటపటాయింపు వస్తుంది. సెన్సర్ లెక్కపెట్టిన గాలి బయటికి పోతుంది, ఈసీయూ మాత్రం దానికి సరిపడా పెట్రోలు పోసేస్తుంది. గేరు మార్చిన ప్రతిసారీ ఒక క్షణం బండి ముక్కుతుంది. ఇలాంటి కారుకు ఆ వాల్వ్ తీసేసి కంపెనీది పెట్టడమే మందు.

పెట్రోలు తగ్గితే

రెండో రకం లాగ్‌లో బూస్ట్ అడిగినంతా వస్తుంది, లాంబ్డా మాత్రం జారుతుంది. 0.82 ఉండాల్సింది 4500 దగ్గర 0.88, 5200 దగ్గర 0.98. పక్కనే రైల్ ప్రెషర్ చూడండి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌లో అడిగింది 200 బార్ అయి వచ్చింది 140 అయితే, ఇంజెక్టర్ గుండా వెళ్లే ఇంధనం పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి 16 శాతం తగ్గింది. 0.82ను 0.84తో భాగిస్తే సరిగ్గా 0.98. రెండు అంకెలూ ఒకే కథ చెబుతున్నాయి కాబట్టి నమ్మొచ్చు. ఈ కథ పంపు వైపు వేలు చూపిస్తుంది. అయితే అధిక పీడన పంపా, ట్యాంకులోని పంపా, ఫిల్టరా అన్నది ట్యాంకు వైపు తక్కువ పీడనం కూడా కొలిస్తేనే తేలుతుంది. పరుగు మధ్యలో పంపు కనెక్టర్ దగ్గర ఓల్టేజి 13.8 నుంచి 12కు పడిపోతుంటే పంపు మార్చి లాభం లేదు, వైరింగూ రిలే చూడాలి. క్వార్టర్ ట్యాంకు కంటే తక్కువ ఉన్నప్పుడు, అదీ మలుపుల్లోనే వస్తుంటే ముందు ట్యాంకు నింపి చూడండి.

పాత తరహా పోర్ట్ ఇంజెక్షన్ కార్లలో లెక్క ఇంకొంచెం వేరు. అక్కడ రెగ్యులేటర్ బూస్ట్ ఎంత పెరిగితే ఇంధన పీడనాన్నీ అంత పెంచాలి. మూల పీడనం 3 బార్, బూస్ట్ 1 బార్ అయితే రైల్‌లో 4 ఉండాలి. 3.4 మాత్రమే ఉంటే ఇంజెక్టర్‌కు మిగిలే తేడా 2.4, ఇంధనం 10 శాతానికి పైగా తక్కువ. మీటరు మీద 3.4 చూసి ‘మూడు కంటే ఎక్కువే ఉందిగా’ అనుకుంటే మోసపోతాం.

మామూలు నడకలోని ఫ్యుయెల్ ట్రిమ్, అంటే ఈసీయూ ఇంధనంలో చేసే శాతం సర్దుబాటు, కూడా ముందే హెచ్చరిస్తుంది. ఐడిల్‌లో ప్లస్ 15 ఉండి 2500 దగ్గర ప్లస్ 3కి దిగితే థ్రాటిల్ తరువాత ఎక్కడో గాలి లోపలికి చొరబడుతోంది. ఐడిల్‌లో ప్లస్ 2 ఉండి లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ 15కు ఎక్కితే ఇంధనం చాలడం లేదు, లేదా గాలి కొలిచే సెన్సర్ మురికిపట్టి తక్కువ చెబుతోంది.

ఇక్కడే మన దేశానికి ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. పది శాతం మిశ్రమానికి ఆ అంకె 14.1, ఇరవై శాతానికి 13.5. అదే గాలికి ఇప్పుడు నాలుగు శాతానికి పైగా ఎక్కువ ఇంధనం పోయాలి. కంపెనీ కారుకు ఇది సర్దుకుపోయే తేడా. పది శాతం ఇథనాల్ ఉన్న రోజుల్లో పంపు సామర్థ్యాన్ని అంచు దాకా వాడుకుని చేసిన ట్యూన్‌కు ఈ నాలుగు శాతమే గండం. ఏ పార్టూ పాడవకుండానే ‘నిరుటి దాకా బాగానే ఉండేది’ అనే కార్లలో దీన్ని తప్పక అనుమానించాలి. ఇంకో జాగ్రత్త: గేజ్ మీద కనిపించే ఎయిర్ ఫ్యుయెల్ రేషియో చాలావరకు లాంబ్డాను 14.7తో గుణించి చూపేదే. ఈ20, అంటే ఈ ఇరవై శాతం మిశ్రమం, పోసిన కారులో ఆ 12 నిజమైన 12 కాదు. లాంబ్డాతోనే మాట్లాడుకోవడం మంచిది. ఇథనాల్ వల్ల లాభం కూడా ఉంది. దాని ఆక్టేన్ సుమారు 108, కాబట్టి నాకింగ్‌ను ఆపుతుంది. ఆ లాభం అందాలంటే పంపు దగ్గర సామర్థ్యం మిగిలి ఉండాలి.

స్పార్క్ ఓడిపోతే

మూడో లాగ్ మనుషుల్ని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. బూస్ట్ సరిగ్గా ఉంది, రైల్ ప్రెషర్ సరిగ్గా ఉంది, లాంబ్డా మాత్రం 0.82 నుంచి ఉన్నట్టుండి 0.95కు ఎగిరి పడుతోంది. పెట్రోలు తక్కువైందని ట్యూనర్ మరికొంత పోస్తాడు. కుదుపు ఇంకా పెరుగుతుంది. లాంబ్డా సెన్సర్ పెట్రోలును చూడదు, ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను చూస్తుంది. సిలిండర్ ఒకసారి మండకపోతే అందులోని గాలంతా వాడకుండానే బయటికి వస్తుంది, సెన్సర్ దాన్ని ‘పెట్రోలు తక్కువ’ అని చదువుతుంది. రైల్ ప్రెషర్ అడిగినట్టే ఉండి లాంబ్డా ఒక్కటే ఎగిరిపడుతుంటే ముందు మిస్‌ఫైర్ లెక్కలు తెరవాలి.

స్పార్క్ ఎందుకు ఓడిపోతుంది? ప్లగ్గు మొనల మధ్య ఉన్న గాలిని చీల్చడానికి కావలసిన ఓల్టేజి, ఆ గాలి సాంద్రతనూ మొనల మధ్య దూరాన్నీ గుణించిన విలువతో పాటు పెరుగుతుంది. హైదరాబాద్‌లో కంపెనీ బూస్ట్ 0.65 అనుకుంటే మొత్తం 1.6 బార్. రీమ్యాప్ తరువాత 1.05 అయితే మొత్తం 2.0. సిలిండర్‌లోని గాలి 25 శాతం చిక్కనైంది. పాత ఓల్టేజితోనే పని జరగాలంటే దూరం ఆ మేరకు తగ్గాలి. 0.80 మిల్లీమీటర్ల గ్యాప్‌ను 1.25తో భాగిస్తే 0.64. రీమ్యాప్ చేసేవాళ్లు గ్యాప్ 0.6, 0.65 పెట్టమని ఎందుకంటారో ఈ ఒక్క భాగహారంలో ఉంది. కొత్త ప్లగ్గు డబ్బాలోంచి తీసి అలాగే బిగిస్తే, అది 0.8 మీద ఉంటే, కొత్త ప్లగ్గులతోనే పాత కుదుపు వస్తుంది. అందుకే ‘ప్లగ్గులు మార్చాం, పోలేదు’ అన్న మాట స్పార్క్‌ను నిర్దోషిని చేయదు. ఫీలర్ గేజ్ పెట్టి గ్యాప్ ఎంతో చెప్పమని అడగండి. వాడిన ప్లగ్గుల మొనలు అరిగి గ్యాప్ మెల్లగా పెరుగుతుంది కూడా.

విప్పిన ప్లగ్గును వెలుతురులో తిప్పి చూడండి. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉంటే స్పార్క్ మొనల దగ్గర కాకుండా పక్కదారిలో పింగాణీ మీదుగా పాకుతోందని అర్థం. కాయిల్ బూటు లోపల కూడా అలాంటి గీతే దొరుకుతుంది. ఆ రెండూ కలిపి మార్చాలి. ఒక్కటి మార్చితే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది.

కాయిల్ మీద అనుమానం ఉంటే పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. పీ0302, అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్ కోడ్ ఉంటే రెండో కాయిల్‌ను మూడో సిలిండర్‌కు మార్చి మళ్లీ లాగించండి. కోడ్ పీ0303కి మారితే కాయిలే దొంగ. రెండులోనే ఉండిపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి.

ఈసీయూ కావాలని ఆపితే

పెడల్ 100 శాతం ఉండి థ్రాటిల్ 100 నుంచి 45కు పడితే, అదే క్షణంలో అందిన పీడనం అడిగినదాన్ని దాటి ఉంటే, అది రోగం కాదు, కాపలా. వేస్ట్‌గేట్ సరిపోక బూస్ట్ హద్దు మీరింది, లేదా టార్క్ లెక్క ఈసీయూలో రాసి ఉన్న గరిష్ఠాన్ని దాటింది. పెద్ద డౌన్‌పైప్ వేసి సాఫ్ట్‌వేర్ మార్చకపోతే ఇది తరచుగా కనిపిస్తుంది. పార్టులు మార్చి ప్రయోజనం లేదు, ట్యూనర్ దగ్గరికి ఆ ఫైలు పట్టుకెళ్లాలి. ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఇదే పని చేస్తుంది, తడి రోడ్డు మీద రికార్డు చేసిన లాగ్‌ను ఎప్పుడూ నమ్మకూడదు.

ఇగ్నిషన్ కరెక్షన్ కాలమ్‌లో అక్కడక్కడా మైనస్ 2, 3 డిగ్రీలు ఉంటే కంగారు అక్కర్లేదు. నాలుగు సిలిండర్లలోనూ మైనస్ 6, 8 దాకా పోతుంటే పెట్రోలు ఆక్టేన్, గాలి వేడి చూడాలి. 95 కోసం రాసిన ట్యూన్‌లో 91 పోస్తే జరిగేది ఇదే. ఇండియన్ ఆయిల్ 2020 నుంచి 100 ఆక్టేన్ పెట్రోలు అమ్ముతోంది. ఒక ట్యాంకు అది పోసి చూస్తే అనుమానం తీరుతుంది. ఒక్క సిలిండర్‌లోనే మైనస్ ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్, ఇన్‌టేక్ వాల్వ్‌ల మీద పేరుకున్న కార్బన్ చూడాలి. నాకింగ్, పెట్రోలు కొరత రెండూ కలిసి కనిపిస్తే ఆ రోజు నుంచే ఫుల్ యాక్సిలరేటర్ మానేయండి. పిస్టన్ కరగడానికి కొన్ని సెకన్లు చాలు.

అన్ని కాలమ్‌లూ సరిగ్గా ఉండి బండి మాత్రం ముందుకు రాకపోతే ఇంజన్‌ను వదిలి క్లచ్ చూడండి. ఒకే గేరులో ఆర్‌పీఎంను వేగంతో భాగిస్తే వచ్చే అంకె మారకూడదు. మెల్లగా నడిపినప్పుడు 34 ఉండి, ఫుల్ లోడ్‌లో 38 అయితే క్లచ్ 11 శాతం జారుతోంది. మన ఆక్టావియాలోని ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్ రూపొందించిందే 250 న్యూటన్ మీటర్లకు. కంపెనీ ఇంజన్ ఇచ్చేది కూడా సరిగ్గా 250. అక్కడ వెసులుబాటు అన్నదే లేదు. టార్క్‌ను 300 దాటించే రీమ్యాప్ తీసుకునే ముందు గేర్‌బాక్స్ గురించి అడగని ట్యూనర్‌ను నేనైతే నమ్మను.

లోపం దొరికి మరమ్మతు అయ్యాక అదే గేరులో, అదే 2500 నుంచి మళ్లీ లాగించి కొత్త లాగ్‌ను పాతదాని పక్కన పెట్టండి. అడిగినదానికీ అందినదానికీ తేడా 0.05 బార్ లోపు ఉండాలి, లాంబ్డా పై ఆర్‌పీఎంలలో జారకుండా ఒక గీత మీద నిలవాలి, రైల్ ప్రెషర్ చివరిదాకా అడిగినంతా ఉండాలి. ఫైలు పేరులో తేదీ, బయటి వేడి, పోసిన పెట్రోలు రకం రాసి దాచుకోండి. వచ్చే మే నెలలో కారు మళ్లీ బరువుగా అనిపిస్తే పోల్చి చూడటానికి మీ దగ్గర ఒక కొలత ఉంటుంది.